వేళ్ళకు తెలియని వేడి

అశ్విని రాసిన ఇరవై రెండు పేజీల వ్యాసంలో అందరికీ నచ్చింది ఒకే ఒక్క పేరా. తప్పు ఉన్నదీ ఆ పేరాలోనే.

గురువారం మధ్యాహ్నం దాకా ఆ సంగతి ఆమెకు తెలియదు. అప్పటిదాకా ఆమె కోపం వేరే. శనివారం కుప్పంలో జరగబోయే తత్వశాస్త్ర సదస్సుకు రిటైర్డ్ ప్రొఫెసర్ మురళీధర్ గారు పెద్ద. ఆయన వ్యాసం చదివి జాబు పంపారు. మొదటి పద్దెనిమిది పేజీలూ విదేశీ సరుకట. "పట్టు తీసే మీ అమ్మగారి వేళ్ళ గురించి రాసిన పేరా అద్భుతం. దాన్నే పెంచండి. మిగతాదంతా మీకెందుకు?" అని రాశారు. ఆ 'మీకెందుకు' దగ్గరికి వచ్చేసరికి అశ్విని ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది. పట్టు యూనిట్‌లో పనిచేసే ఆవిడ కూతురు వేళ్ళ గురించి రాయొచ్చు గానీ ఉనికి గురించి రాయకూడదన్నమాట. పుంగనూరు జూనియర్ కాలేజీలో పగలంతా పాఠాలు చెప్పి, సాయంత్రాలు కూర్చుని నాలుగేళ్ళుగా ఆమె చదివిందంతా ఆ ఉనికి గురించే.

ఆ పద్దెనిమిది పేజీల్లో ఉన్నది బ్రహ్మవిద్యేమీ కాదు. యూరప్‌లో రెండు వందల ఏళ్ళకు పైగా పెద్ద పెద్ద తత్వవేత్తలు ఒక మాట పట్టుకుని కూర్చున్నారు. మనకు తెలిసిన మేరకే లోకం గురించి మాట్లాడగలం, మనం లేనప్పుడు అది ఎట్లా ఉంటుందని అడగడం దండగ అని. 2007లో లండన్‌లో ఒక గదిలో నలుగురు చేరి, ఇంక చాలన్నారు. మనిషి పుట్టకముందు కోట్ల ఏళ్ళు రాళ్ళున్నాయి, ఎండలు కాశాయి, అవి ఎవరు చూడాలని ఉన్నాయి? మనతో పని లేకుండానే వస్తువులు ఉంటాయి, వాటి వ్యవహారం అవి చూసుకుంటాయి, తత్వం దాని గురించి మాట్లాడాలి అన్నారు. స్పెక్యులేటివ్ రియలిజం అని దానికి పేరు. కొన్నేళ్ళకే ఆ నలుగురిలో ఒకరికొకరికి పడలేదు, అది వేరే కథ. ప్రశ్న మాత్రం నిలిచింది. ఆ ప్రశ్న మొదటిసారి చదివిన రోజు అశ్వినికి అన్నం తినాలని కూడా గుర్తు రాలేదు.

సదస్సు వ్యాసాలు పుస్తకంగా వస్తాయి. ఇంకొక్క వ్యాసం అచ్చయితే గానీ ఆమె పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి లేదు. అందుకే పళ్ళు కొరుక్కుంటూనే ఆయన చెప్పింది చేయడానికి సిద్ధపడింది. మరిగే నీళ్ళలో అమ్మ వేలు ముంచుతుండగా ఒక ఫోటో కావాలన్నారు. గురువారం సెలవు పెట్టి మదనపల్లె బస్సెక్కింది.

పట్టుగూళ్ళ నుంచి దారం తీసే మునిచంద్ర రీలింగ్ యూనిట్ ఊరి చివర ఉంది. రేకుల షెడ్డు, ఎనిమిది బేసిన్లు, లోపల ఎప్పుడూ ఆవిరి. ఉడికిన పురుగుల వాసనకు కొత్తవాళ్ళు ముక్కు మూసుకుంటారు. అశ్విని ఆ వాసనలోనే పెరిగింది కాబట్టి ముక్కు మూసుకోలేదు. తలుపు పక్కన పెద్ద బాణలి దగ్గర ఆమె తల్లి నాగరత్నమ్మ నిలబడి ఉంది. పట్టుగూళ్ళు ముందు ఆ బాణలిలో ఉడకాలి. తక్కువ ఉడికితే దారం కొస దొరకదు, ఎక్కువ ఉడికితే దారం ముద్దయి తెగిపోతుంది. నాగరత్నమ్మ "ఊఁ, తీయండి" అంటేనే గూళ్ళు బేసిన్లకు పోతాయి. ఎనిమిది మంది ఆడవాళ్ళు ఆ మాట కోసం చూస్తుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ చోటు ఆమెదే. ఆ చోట నిలబడ్డప్పుడు ఆమె మెడ తీరే వేరుగా ఉంటుంది.

అశ్విని ఫోను తీసి కెమెరాలోంచి చూసింది. ప్రతి ఆడమనిషి పక్కనా ఒక గిన్నెలో చల్లనీళ్ళు ఉన్నాయి. వేడినీళ్ళలో వేలు, దారం కొస, మళ్ళీ చల్లనీళ్ళలో వేలు. అందరి చేతులూ అదే వరసలో ఆడుతున్నాయి. అమ్మ పక్కన కూడా గిన్నె ఉంది. అందులో నీళ్ళ మీద పట్టు నూగు సన్నటి పొరలాగా పరుచుకుని ఉంది. ఆ పొర ఎక్కడా చెదరలేదు. అశ్విని ఫోను దించి పది నిమిషాలు చూసింది. అమ్మ బాణలిలో మూడుసార్లు వేలు ముంచింది. చల్లనీళ్ళ గిన్నె వైపు చెయ్యి ఒక్కసారి కూడా పోలేదు.

అన్నాల వేళ ఇద్దరూ షెడ్డు వెనక వేపచెట్టు కింద కూర్చున్నారు. చల్లనీళ్ళ గిన్నె సంగతి అశ్విని అడిగింది. నాగరత్నమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, షెడ్డు తలుపు వైపు చూసింది.

"మెల్లిగా మాట్లాడు. సల్లనీళ్ళూ ఒకటే, కాగే నీళ్ళూ ఒకటే నాకు. నాలుగేండ్లయింది పాపా, సురుక్కుమని."

ముందు వేళ్ళ కొసలు కొయ్యబారాయట. తర్వాత రెండో కణుపు దాకా వచ్చిందట. చెప్పకపోవడానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట తులసమ్మ అనే ఆవిడకు ఇట్లాగే స్పర్శ పోయి, చెయ్యి కాలుతున్న సంగతి తెలియక బొబ్బలెక్కి ఆసుపత్రిలో పడింది. అప్పటినుంచి వేళ్ళకు తెలియడం లేదని ఎవరన్నా అంటే యజమాని మునిచంద్ర వాళ్ళను నీళ్ళ దగ్గర ఉండనివ్వడు. వెనక గదిలో చిక్కుపట్టు ఏరే పనికి పంపేస్తాడు. మంచికే చేస్తాడు, భయంతో చేస్తాడు. కానీ బాణలి దగ్గర ఇరవై రెండేళ్ళు నిలబడ్డ మనిషికి ఆ వెనక గది ఎట్లా ఉంటుందో ఆయనకేం తెలుసు.

"మరి ఉడికింది లేనిది నీకెట్లా తెలుస్తాది?"

"గూడును సూస్తాను. అది సరిగ్గా నీళ్ళు తాగిందంటే కనపడదా?"

"వేలు ముంచుతావు కదా మరి?"

"ముంచకపోతే యాల ముంచలేదని అడుగుతారు గదా." నాగరత్నమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది. "నువ్వు కూడా ఇన్నాళ్ళూ అడగలేదు."

అశ్వినికి సిగ్గుతో ఒళ్ళు వేడెక్కింది. మా అమ్మ వేలి కొసతో నీటి వేడిని చదువుతుంది అని అంత అందంగా రాసింది తనే. మనం అనుకున్నంత మేరకే వస్తువు ఉండదని నాలుగేళ్ళు చదివి, సొంత తల్లిని మాత్రం తను అనుకున్నట్టుగా రాసి పెట్టేసింది. ఫోటో తీయకుండానే తిరిగి బస్సెక్కింది.

శుక్రవారం కాలేజీ స్టాఫ్ రూములో కూర్చుని ఆ పేరా మొత్తం కొట్టేసింది. ఉంచితే అబద్ధం. నిజం రాస్తే అమ్మ చోటు పోతుంది. కొట్టేయడం తప్ప ఇంకో దారి కనిపించలేదు. మురళీధర్ గారికి ఫోన్ చేసి, ఆ పేరా లేకుండా చదువుతానంది. ఆయన నవ్వి, అది తీసేస్తే ఇంకేముందమ్మా అన్నారు. అంతటితో ఆగలేదు. ఆయన ఇప్పటికే మునిచంద్రతో మాట్లాడారట. పొయ్యి, బాణలి, గూళ్ళు మునిచంద్ర తన కారులో తెస్తాడట. వేదిక మీద అమ్మగారు నీళ్ళలో వేలు ముంచి ఎంత వేడుందో చెబుతారు, పిల్లలు థర్మామీటరుతో సరిచూస్తారు, ఆ తర్వాత శాలువా. "సభ లేచి నిలబడుతుంది, చూస్తూ ఉండండి," అన్నారు.

అశ్విని వెంటనే తల్లికి ఫోన్ చేసి రావద్దంది. జ్వరమని చెబుతానంది. నాగరత్నమ్మ అంతా విని, ఇప్పుడు రాకపోతేనే మునిచంద్రకు అనుమానం వస్తుందంది. నీళ్ళు బాగా కాగినాయని ఏదో ఒకటి చెబితే సరిపోతుందిలే అని కూడా అంది. చివర్లో ఇంకో మాట చెప్పింది.

"నువ్వు సదివేది నేను యాడ సూసినాను? నాకూ వచ్చి కూర్చోవల్లని ఉండాది."

శనివారం పొద్దున మదనపల్లె బస్సు పుంగనూరు స్టాండులోకి వచ్చేసరికి నాగరత్నమ్మ కిటికీ దగ్గర కూర్చుని, పక్క సీటులో సంచి పెట్టి కూతురికి చోటు ఆపి ఉంది. బీరువాలోంచి తీసిన ఆకుపచ్చ చీర కట్టుకుంది. వేళ్ళు మాత్రం కొంగులో దాచుకుంది. ఆ వేళ్ళు తెల్లగా నాని, కొసల దగ్గర రేఖలన్నీ అరిగిపోయి ఉంటాయి.

పలమనేరు దాటినాక, ఆ పేజీల్లో ఏముందో చెప్పమంది. అశ్విని చెప్పింది. ముందు తడబడుతూ, తర్వాత క్లాసులో చెప్పినట్టు, ఆ తర్వాత తనకు తాను చెప్పుకున్నట్టు. నాగరత్నమ్మ విని, పెదవి విరిచింది.

"మనం సూడకపోయినా ఉంటాదని సెప్పేదానికి ఇన్ని కాగితాలా?"

అశ్వినికి నవ్వొచ్చింది. ఉంటుందని చెప్పడం తేలికేనమ్మా అంది. మనం చూడనప్పుడు అది ఎట్లా ఉంటుందో చెప్పడమే కష్టం, ఎందుకంటే చెప్పేది మళ్ళీ మనమే, చూసిన మాటలతోనే చెప్పాలి. నాగరత్నమ్మ వి.కోట వచ్చేదాకా కిటికీలోంచి టమోటా తోటల కట్టెపుల్లల వరసలు చూస్తూ కూర్చుంది. బస్సు ఆగినాక, "అది కష్టమే," అని ఒప్పుకుంది.

సదస్సు కుప్పంలో ఒక కల్యాణ మండపం పై అంతస్తులో పెట్టారు. అరవై మంది దాకా ఉన్నారు. మునిచంద్ర ముందు వరసలో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో కూర్చుని, తన యూనిట్ పేరు ఎప్పుడు వస్తుందా అని ఫోను పట్టుకుని ఉన్నాడు. వేదిక మీద ఒక పక్క బల్ల, దాని మీద కరెంటు పొయ్యి, బాణలి, ఒక పళ్ళెంలో తెల్లటి గూళ్ళు. అశ్విని చదువుతున్నంతసేపూ నీళ్ళు వేడెక్కుతున్న సన్నటి చప్పుడు ఆమె చెవిలో పడుతూనే ఉంది. పద్దెనిమిది పేజీలూ చదివింది, ఒక్క వాక్యం కూడా వదల్లేదు. కొందరు ఫోన్లు చూసుకున్నారు. వెనక వరసలో ఒక ముసలి లెక్చరర్ మాత్రం ఏదో రాసుకుంటూ కూర్చున్నాడు. వేళ్ళ పేరా రావలసిన చోట ఆమె ఒక్క క్షణం ఆగి, తర్వాతి పేజీ తిప్పింది.

మురళీధర్ గారు మైకు అందుకున్నారు. ఇంతసేపూ మనం పాశ్చాత్యుల గదుల్లో తిరిగాం, ఇప్పుడు మన మట్టిలోకి వద్దాం అన్నారు. చప్పట్లు పడ్డాయి. నాగరత్నమ్మను మర్యాదగా చెయ్యి చూపించి వేదిక ఎక్కించారు. థర్మామీటరు పట్టుకుని ఒక పరిశోధక విద్యార్థి సిద్ధంగా నిలబడ్డాడు.

"అమ్మా, వేలు ముంచి నీళ్ళు ఎంత వేడున్నాయో మాకు చెప్పండి," అన్నారాయన.

అశ్విని మైకు పక్కన నిలబడి ఉంది. ఈ ముచ్చట ఆపెయ్యాలని నోరు తెరిచింది. ఆపితే ఎందుకని అడుగుతారు. మునిచంద్ర ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ఆమె ఆగిపోయి, చేతిలోని కాగితాలు దగ్గరికి పట్టుకుంది.

నాగరత్నమ్మ బాణలి వైపు చూసింది. కుడిచెయ్యి కొంగులోంచి బయటికి తీసి నీళ్ళ దాకా తెచ్చింది. రోజూ షెడ్డులో చేసే పనే, ఇంకొక్కసారి చేస్తే అయిపోతుంది. అప్పుడు కూతురి వైపు చూసింది. కూతురి చేతిలోని కాగితాల వైపు చూసింది. చెయ్యి వెనక్కి తీసుకుని, పళ్ళెంలోంచి ఐదు గూళ్ళు ఎంచి నీళ్ళలో వేసింది.

"ముందు వేలు పెట్టండమ్మా," అన్నారు మురళీధర్ గారు.

ఆమె వినిపించుకోలేదు. ఐదు గూళ్ళూ నీళ్ళ మీద తెల్లగా, పొడిగా, తేలికగా ఊగుతున్నాయి. బల్ల మీదికి వంగి వాటినే చూస్తూ ఉంది. షెడ్డులో నిలబడ్డట్టే నిలబడింది, అదే మెడ తీరు. ఒక గూటి పక్కనుంచి బుడగ వచ్చింది. ఇంకోదాని నుంచి రెండు. "ఇంకా లేదు," అంది ఎవరికో చెప్పినట్టు. సభలో గుసగుసలు మొదలై, వాటంతటవే ఆగిపోయాయి. గూళ్ళు ఒక్కొక్కటే తెల్లదనం వదిలి గంజిలో తడిసిన గుడ్డ రంగుకు వచ్చాయి. బరువెక్కి, ఊగడం మానేసి, సగం దాకా మునిగి కూర్చున్నాయి.

"ఊఁ," అంది నాగరత్నమ్మ.

పళ్ళెం పక్కనున్న చిన్న పుల్లల పొరకతో ఒక్కసారి తిప్పి ఎత్తింది. ఐదు గూళ్ళ కొసలూ పొరకకు అంటుకుని లేచాయి. వాటిని కలిపి పట్టి లాగితే దారం ఎక్కడా తెగకుండా వచ్చింది. విద్యార్థి థర్మామీటరు ముంచి తొంభై నాలుగు డిగ్రీలు అన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ దారం వైపే చూస్తున్నారు.

మురళీధర్ గారు ఇంకా వదల్లేదు. వేలు ముంచితే ఎట్లా తెలుస్తుందో అది చెప్పండమ్మా అన్నారు.

"నా వేళ్ళకు ఏమీ తెలీదు సార్," అంది నాగరత్నమ్మ. "నాలుగేండ్లయింది సురుకు పోయి. నీళ్ళ సంగతి గూటికి తెలుసు. నేను గూడును సూస్తాను." ముందు వరస వైపు తిరిగింది. "ఈ నాలుగేండ్లలో నా బాణలి నుంచి పోయిన పట్టులో ఒక్క దారపు చిలప బాగలేదని ఎవురన్నా సెప్పినారా అప్పా?"

మునిచంద్ర ఫోను దించేశాడు. 

మురళీధర్ గారు తేరుకుని, చూశారా, ఇదే మన జానపద విజ్ఞానం అని మొదలుపెట్టారు. అశ్విని మైకు దగ్గరికి జరిగింది. 

"ఇది జానపదం కాదు సార్. నా వ్యాసానికి వచ్చిన సవరణ. మీ అందరికీ ముందే పంచిన ప్రతిలో పందొమ్మిదో పేజీలో మా అమ్మ వేలితో వేడి తెలుసుకుంటుందని రాశాను. అది తప్పు. నేను అడగకుండా రాశాను. నీళ్ళకూ గూటికీ మధ్య జరిగేది మనిషి వేలితో పని లేకుండా జరుగుతుంది. దానికి ముందున్న పద్దెనిమిది పేజీలు చెప్పేది అదే. నాకు తెలియని చోట గూడు మా అమ్మతో మాట్లాడుతోంది."

తల్లి ముందు తన తప్పు ఒప్పుకోవడం ఇంత గర్వంగా ఉంటుందని ఆమె అనుకోలేదు. వెనక వరసలోని ముసలి లెక్చరర్ లేచి, ఏడో పేజీ మీద ఒక ప్రశ్న అడిగాడు. అది గట్టి ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికి పావుగంట పట్టింది. నాగరత్నమ్మ ఆ పావుగంటా వేదిక మీదే కుర్చీలో కూర్చుని, చేతులు ఒడిలో బయటికే పెట్టుకుని, జవాబు చెబుతున్న కూతుర్ని చూస్తూ ఉంది. శాలువా సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. సభ అయినాక మురళీధర్ గారు అశ్విని దగ్గరికి వచ్చి, ఆ సవరణతో సహా ఇరవై రెండు పేజీలూ పంపండి, ఏమీ తీయొద్దు అన్నారు. ఆ మాట చెప్పడానికి ఆయనకు కొంత కష్టమే అయింది.

కింద మునిచంద్ర బాణలి కారు డిక్కీలో పెడుతున్నాడు. నాగరత్నమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడింది. చిక్కుపట్టు గదికి పొమ్మంటాడనే అనుకుంది అశ్విని. ఏం మాట్లాడాలో మనసులో వరస పెట్టుకుంటూ తల్లి పక్కన నిలబడింది. మునిచంద్ర డిక్కీ మూసి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. తులసమ్మ చెయ్యి చూసినప్పటి నుంచి తనకు నిద్ర పట్టదని, అందుకే స్పర్శ పోయిన వాళ్ళను నీళ్ళ దగ్గర నుంచి తీసేస్తున్నానని చెప్పాడు. తర్వాత నాగరత్నమ్మ చేతులు చూపించమన్నాడు. ఆమె చూపించింది. అరచేతులు తిప్పి, వేళ్ళు ఒక్కొక్కటే చూశాడు.

"పూట పూటకూ ఇట్లే చేతులు సూపించి పోవల్ల. బొబ్బ కనపడితే మాత్రం ఊరుకోను," అన్నాడు. కారెక్కుతూ, "ఆ సల్లనీళ్ళ గిన్నె ఇంక యాల పెట్టేది, తీసెయ్. సోమవారం గూళ్ళు వస్తాండాయి," అన్నాడు.

తిరుగు బస్సులోనూ నాగరత్నమ్మ కిటికీ దగ్గరే కూర్చుంది. ఆమె చేతులు ఇప్పుడు కొంగులో లేవు, ముందు సీటు కమ్మీ మీద ఉన్నాయి. అశ్విని ఎంత సంతోషంలో ఉందంటే కండక్టరు ఇచ్చిన టికెట్లు రెండుసార్లు కింద పడేసింది. పలమనేరు దాటినాక తల్లి కూతురి వైపు తిరిగింది.

"ఒక మాట తప్పు సెప్పినావు పాపా."

"ఏది?"

"గూడు నాతో మాట్లాడతాదని సెప్పినావే, అది. నాతో మాట్లాడల్లని మునిగేది కాదది. నేను లేకున్నా మునుగుతాది. పక్కన నేనుండాను, సూసినాను. అంతే."

 లండన్‌లో ఆ నలుగురు గదిలో కూర్చుని చెప్పిందీ, వాళ్ళల్లో వాళ్ళకు పడక విడిపోయిందీ, అశ్విని నాలుగేళ్ళు తిరిగి తిరిగి చదివిందీ ఈ మాట చుట్టూతానే. అంత చదివీ సభ ముందు మళ్ళీ ఆ తప్పే చేసింది. గూటిని మనిషి కోసం మాట్లాడించింది. సంచిలోంచి వ్యాసం తీసింది. చివరి పేజీ అడుగున ఫుట్‌నోట్ కోసం గీత గీసి, బస్సు కుదుపుల మధ్య రాయడం మొదలుపెట్టింది.

ఏం రాస్తున్నావని నాగరత్నమ్మ అడిగింది.

"నీ పేరు. ఎవరన్నా మన వాదంలో తప్పు పట్టుకుంటే వాళ్ళ పేరు వేయాలమ్మా. అది మా పద్ధతి."

"మా అమ్మ అని రాస్తాండావా?"

"లేదు. అమ్మ అని రాయను. మిగతా పెద్దవాళ్ళ పేర్లు ఎట్లా రాసినానో అట్లే. నాగరత్నమ్మ అని, ఏ ఏడు సెప్పినారో ఆ ఏడు."

బస్సు పుంగనూరు స్టాండులోకి తిరిగింది. అశ్విని ఇక్కడే దిగాలి, తల్లి మదనపల్లె దాకా పోవాలి. నాగరత్నమ్మ కాగితం మీదికి వంగి, తన పేరున్న చోటును వేలితో తడిమింది. ఆ వేలికి కాగితం తెలియదు. కంటితోనే చూసుకుంది.

"వేసేది వేస్తాండావు," అంది. "ఇంటిపేరు కూడా వెయ్యి."